కలిపి కూర్చోబెట్టే ముందు

(కుటుంబ సలహా కేంద్రాల్లో పనిచేసే కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం. ఇందులో ప్రస్తావించిన కేసుల్లో మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాం.)



నాకిచ్చిన అంశం 'దంపతుల, కుటుంబ చికిత్సలో వేర్వేరు పద్ధతుల కలయిక'. పేరు పెద్దదే గానీ మనమంతా రోజూ చేస్తున్న పనే ఇది. పొద్దున ఒకామెతో ఒంటరిగా మాట్లాడతాం. మధ్యాహ్నం ఆమె అత్తగారి గోడు వింటాం. సాయంత్రం లాయరుకి ఫోన్ చేస్తాం. మర్నాడు మొగుడూ పెళ్ళాల్ని ఎదురెదురుగా కూర్చోబెడతాం. అంటే పద్ధతులు కలుపుతూనే ఉన్నాం. ఏ లెక్క ప్రకారం కలుపుతున్నామో మాత్రం ఎప్పుడూ ఆగి ఆలోచించుకోం. చేతికందినదల్లా వేసి వండితే అది కలగూర గంప అవుతుంది. ఆ కూర తినాల్సింది మనం కాదు, మనల్ని నమ్మి వచ్చినామె. అందుకే ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.

నేను చాలా ఏళ్ళు అబిడ్స్‌లో ఒక సందులోని చిన్న గదిలో కూర్చుని ఈ పని చేశాను. అక్కణ్ణించి నాంపల్లి క్రిమినల్ కోర్టులకి నడిచి వెళ్ళొచ్చు. 498ఎ కేసులూ, గృహహింస చట్టం కింద వేసిన కేసులూ అక్కడే నడిచేవి. వాయిదాకి వచ్చినవాళ్ళు, వాయిదా పడినవాళ్ళు, దారిలో దర్గా యూసఫైన్‌లో మొక్కుకుని మా గదికి వచ్చేవాళ్ళు. కోర్టు ఆమెని అడిగే ప్రశ్న ఒకటే: ఏం జరిగింది, ఎవరు చేశారు? మా గదిలో మేం అడిగే ప్రశ్న వేరు: మీ ఇద్దరి మధ్యా ఇది ఎలా మొదలవుతుంది, ఎలా సాగుతుంది? మొదటి ప్రశ్నకి దోషి కావాలి. రెండో ప్రశ్నకి సంబంధం అర్థం కావాలి. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరమే ఇవాళ్టి మన అంశం.

పద్ధతులు ఎక్కణ్ణించి వచ్చాయి

క్లుప్తంగా చెబుతాను. మన దేశంలో కుటుంబాన్ని చికిత్సలో భాగం చేసిన తొలి ప్రయత్నం 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో జరిగింది. డాక్టర్ విద్యాసాగర్ రోగులతో పాటు వాళ్ళ కుటుంబాల్ని కూడా ఆవరణలో గుడారాలు వేయించి ఉంచాడు. రోగి గురించి ఇంటివాళ్ళకున్న భయాలు, అపోహలు పోతే రోగి తొందరగా కోలుకోవడం ఆయన గమనించాడు. తర్వాత బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో కుటుంబ చికిత్సకి ప్రత్యేక కేంద్రం వచ్చింది.

దాదాపు ఆ కాలంలోనే అమెరికాలో కొందరు డాక్టర్లు మరో ఆలోచనకి వచ్చారు. జబ్బు మనిషిలో కాదు, మనుషుల మధ్య ఉందన్నారు. మరే బోవెన్ మూడు తరాల వంశవృక్షం గీసి, తాతల నాటి తగాదా మనవల ఇంట్లో ఎలా తేలుతుందో చూపించాడు. సాల్వడార్ మినూచిన్ 1974లో రాసిన పుస్తకంలో ఇంట్లో ఎవరు ఎవరితో జట్టు, ఎవరి మాట ఎవరు దాటుతారు అన్న అమరికని మార్చాలన్నాడు. మన ఉమ్మడి కుటుంబాలు చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. కొడుకు తల్లితో తప్ప భార్యతో ఇంటి ఖర్చు మాట్లాడని ఇళ్ళు మనకి ఎన్ని తెలియవు!

1980లలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ కోపం కింద దాగిన భయాన్నీ ఒంటరితనాన్నీ పైకి తెచ్చే పద్ధతి తయారుచేశారు. ప్రవర్తన మీద పనిచేసేవాళ్ళు 'ఎవరు ఏ పని చేస్తారు' అని ఒప్పందాలు రాయించారు. 1990లో మైకేల్ వైట్, డేవిడ్ ఎప్‌స్టన్ రాసిన పుస్తకం మనిషిని సమస్యగా చూడొద్దు, సమస్యని మనిషికి బయట నిలబెట్టి చూడమంది.

ఈ చివరి మాట చదివినప్పుడు నాకు దూబగుంట గుర్తొచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు 'నా రాత ఇంతే' అనలేదు, 'నా మొగుడి గుణమే అంత' అని ఊరుకోలేదు. శత్రువు సారా అన్నారు. దుకాణాలు మూయించారు. ఒక్కో ఇంట్లో ఒక్కో ఆడది సిగ్గుతో దాచుకున్న బాధ ఊరందరి సమస్య అయింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది, అది వేరే కథ. మన ఆడవాళ్ళు ఏ థెరపీ పుస్తకం చదవకుండానే ఆ పని చేశారని చెప్పడమే నా ఉద్దేశం.

అయితే అందులోనే ఒక చిక్కుంది. 'తప్పు నాది కాదు, మందుది' అనే మగవాడికి కూడా ఈ పద్ధతే ఆసరా ఇస్తుంది. అలాంటివాళ్ళని మేం ఒకే ప్రశ్న అడిగేవాళ్ళం: తాగి ఉన్నప్పుడు ఎప్పుడైనా ఎస్సైని కొట్టావా? లేదంటాడు. అంటే ఎంత తాగినా ఎవర్ని కొట్టొచ్చో, ఎవర్ని కొట్టకూడదో తెలుస్తూనే ఉందన్నమాట. ప్రతి పద్ధతికీ ఇలాంటి గుడ్డిచోటు ఒకటి ఉంటుంది. మరో పద్ధతిని తోడు తెచ్చుకోవాల్సిన అవసరం అక్కడే వస్తుంది.

నా తప్పు

ఇక అసలు విషయానికొస్తాను. ఇరవై ఏళ్ళ పైమాట. గృహహింస చట్టం ఇంకా రాలేదు. నేను కుటుంబ చికిత్సలో శిక్షణ పొంది కొత్తగా వచ్చాను. ఇరవయ్యారేళ్ళ ఒకామెనీ, బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌గా పనిచేసే ఆమె భర్తనీ కలిపి కూర్చోబెట్టాను. నేర్చుకున్న ప్రకారమే ప్రశ్నలు వేశాను. ఆయనకి కోపమొస్తే మీరేం చేస్తారు? 'ఏం మాట్లాడ, ఊకుంట' అంది. ఆమె ఊరుకుంటే మీకేమనిపిస్తుంది? 'ఆ మౌనమే నాకు మంట మేడమ్' అన్నాడు. కాగితం మీద ఒక చక్రం గీశాను. అతని కోపం నుంచి ఆమె మౌనానికి ఒక బాణం, ఆమె మౌనం నుంచి అతని కోపానికి ఒక బాణం. ఇద్దరూ తల ఊపారు. నాకు చాలా సంతోషమేసింది.

తర్వాత ఆమెతో, 'ఇది మీ గది అనుకోండి, మనసులో ఉన్నది ధైర్యంగా చెప్పండి' అన్నాను. ఆమె కొంచెంసేపు తటపటాయించి చెప్పింది. పుట్టింటివాళ్ళు పెట్టిన గొలుసు కుదువ పెట్టాడని, అడిగితే చెయ్యి మెలిపెట్టాడని. అతను ఏమాత్రం కోపం తెచ్చుకోలేదు. 'అవును మేడమ్, తప్పే' అన్నాడు. ఫైలులో 'మంచి పురోగతి' అని రాసుకున్నాను.

పది రోజుల తర్వాత ఆమె తల్లితో వచ్చింది. చేతికి కట్టుంది. నేనేదో అడగబోతే ఆమె ఒక్కటే మాటంది: 'మీరు చెప్పమన్నరు, చెప్పిన.'

ఆమె గొంతులో నిందేమీ లేదు. అందుకే ఆ మాట ఇన్నేళ్ళూ నాతో ఉండిపోయింది. ఆ రాత్రి ఆ చక్రం గీసిన కాగితం తీసి చూసుకున్నాను. రెండు బాణాలూ ఒకే పొడవున్నాయి. ఆమె మౌనాన్నీ అతని చేతి బలాన్నీ నేను ఒకే కొలతతో కొలిచాను. ఆమె మౌనం అతని కోపానికి కారణం కాదు. దెబ్బ తప్పించుకోవడానికి ఆమెకి తెలిసిన ఒకే ఒక్క ఉపాయం అది. నేను దాన్ని 'సంభాషణ లోపం' అనుకుని, ఆమె చేతిలోంచి లాగేసుకున్నాను.

స్త్రీవాదులు అడిగిన ప్రశ్న

ఇది నా ఒక్కదాని తప్పు కాదని తర్వాత తెలిసింది. కుటుంబాన్ని ఒక వ్యవస్థగా చూసేవాళ్ళు తటస్థంగా ఉండటాన్ని గొప్ప విలువగా భావించారు. 1978లో రేచెల్ హేర్-మస్టిన్, 1985లో వర్జీనియా గోల్డ్‌నర్ దాన్ని గట్టిగా ప్రశ్నించారు. కుటుంబంలో అందరూ ఒకరినొకరు ప్రభావితం చేస్తారన్న మాట నిజమే, కానీ అందరికీ సమానమైన అధికారం లేదు. ఆ సంగతి పట్టించుకోకుండా మధ్యలో నిలబడితే బలవంతుడి పక్షాన నిలబడినట్టే.

గోల్డ్‌నర్, ఆమె సహచరులు అక్కడితో ఆగలేదు. న్యూయార్క్‌లోని ఏకర్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో హింస ఉన్న దంపతులతోనే పనిచేసి, 1990లో తమ అనుభవం రాశారు. ఈ బంధంలో ప్రేమ కూడా ఉంది, భయం కూడా ఉంది. అతని చిన్నతనంలో దెబ్బలున్నాయి. అయినా కొట్టడం అతని నిర్ణయమే, బాధ్యత పూర్తిగా అతనిదే. వివరణ క్షమాపణ కాకూడదు. మనస్తత్వం, కుటుంబ అమరిక, సమాజంలో ఆడా మగా తేడా, ఈ మూడింటినీ ఒకేసారి చేతిలో పట్టుకుని పనిచేయాలని వాళ్ళు వాదించారు. పద్ధతుల కలయిక అంటే నాకు అర్థమైంది ఇదే. ఏ పద్ధతైనా వాడొచ్చు, కానీ బాధ్యత ఎవరిది అన్న విషయంలో మాత్రం బేరం లేదు.

తటస్థత మన దగ్గర ఎందుకు మరింత ప్రమాదమో ఒక్క లెక్క చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్ళలో నూటికి 80 మందికి పైగా, ఏదో ఒక కారణానికి భర్త భార్యని కొట్టడం సబబే అన్నారు. అడిగిన కారణాలేమిటి? చెప్పకుండా బయటికెళ్ళడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటివి. ఇలాంటి నేలమీద ఇద్దర్నీ కూర్చోబెట్టి 'మీరిద్దరూ ఒక మాట మీదకి రండి' అంటే ఆ మాట ఎవరిదవుతుంది? 'నాది కూడా తప్పుంది మేడమ్' అని ఆమె అంటే మనం పరస్పర అవగాహన అని రాసుకుంటాం. మన పెద్దమనుషుల పంచాయితీ చేసేదీ అదే. దానికి మనం కుర్చీలూ ఫ్యానూ ఏర్పాటు చేసినట్టవుతుంది, అంతే.

చట్టం చెప్పే మాట

మనలో చాలామంది చట్టాన్నీ కౌన్సెలింగ్‌నీ సవతుల్లా చూస్తారు. కేసు పెడితే కాపురం పోతుందని, కౌన్సెలింగ్‌కి వెళితే కేసు బలహీనపడుతుందని అంటారు. 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టాన్ని మనం పూర్తిగా చదివితే ఈ భయం తగ్గుతుంది. 14వ సెక్షన్ ప్రకారం మెజిస్ట్రేటు ఏ దశలోనైనా కౌన్సెలింగ్‌కి పంపొచ్చు, ఒక్కొక్కరిని విడిగానో, ఇద్దర్నీ కలిపో. ఆ కౌన్సెలింగ్ ఎలా జరగాలో 2006 నాటి నియమాల్లో 14వ నియమం చెబుతుంది. హింస మళ్ళీ జరగదన్న హామీ రాబట్టడం దాని లక్ష్యం. తాను చేసిన హింసకి సాకులు చెప్పుకునే అవకాశం ప్రతివాదికి అక్కడ లేదు. ఆ సంగతి మొదలుపెట్టక ముందే అతనికి తెలియజేయాలి. బాధితురాలు కోరుకుంటేనే రాజీ ప్రయత్నం చేయాలి.

న్యూయార్క్‌లో వాదించి వాదించి తేల్చుకున్న విషయం మన నియమాల పుస్తకంలో ఉంది! కానీ ఎన్ని కేంద్రాల్లో దీన్ని గోడకి అంటించారు? 2013లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన కె. శ్రీనివాసరావు కేసులో సుప్రీంకోర్టు వైవాహిక తగాదాల్లో మధ్యవర్తిత్వాన్ని ప్రోత్సహించమంది. దాని తర్వాత మధ్యవర్తుల దగ్గరికి పంపే కేసులు పెరిగాయని మన అనుభవం. అందుకని 14వ నియమం మనకి నోటికి వచ్చి తీరాలి. 1984లో ముంబై పోలీసు కమిషనరు కార్యాలయంలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ప్రత్యేక సెల్ పెట్టినా, 2016లో మన హైదరాబాదు పోలీసులు భరోసా కేంద్రం తెరిచినా, ఆలోచన ఒకటే. ఆమె పది గడపలు ఎక్కకుండా పోలీసు, లాయరు, కౌన్సెలర్ ఒకచోట ఉండాలని. ఒక కప్పు కింద కూర్చుంటే చాలదు, ఒక వరస ప్రకారం పనిచేయాలి.

వరస

ఆ వరస ఎలా ఉంటుందో ఒక కేసుతో చెబుతాను. మల్లేపల్లి వైపు నుంచి ఒకామె వచ్చింది. ఇద్దరు పిల్లలు. భర్త తాగుతాడు, కొడతాడు. అత్తగారు అదే ఇంట్లో. ఏం కావాలమ్మా అంటే, 'కేసు వద్దక్కా. ఇల్లు కావాలె. దెబ్బలు వద్దు' అంది.

మొదటి నాలుగుసార్లు ఆమెతో ఒంటరిగానే మాట్లాడాం. ఆమెకి ఎవరంటే భయం, ఎప్పుడు భయం, గొంతు పట్టుకున్నాడా, చంపుతానన్నాడా, ఇవన్నీ అడిగాం. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఎవరింట్లో దాచుకోవాలి, రాత్రి బయటికి రావలసి వస్తే ఏ గడప తడుతుంది, ఇవి రాసుకున్నాం. ఇది చికిత్స కాదు కదా అనొచ్చు మీరు. ప్రాణానికి భయం ఉన్న మనిషికి అదే మొదటి చికిత్స.

రెండో అడుగు చట్టం. కేసు అంటే జైలొక్కటే కాదని, రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు కూడా అని వివరించాక ఆమె ఒప్పుకుంది. రక్షణాధికారి ద్వారా నివేదిక వెళ్ళింది. నాంపల్లి కోర్టు నుంచి ఉత్తర్వు రావడానికి చట్టంలో చెప్పిన రోజుల కన్నా ఎక్కువే పట్టింది గానీ, వచ్చింది. ఆ కాగితం చేతికొచ్చాక ఆమె కూర్చునే తీరే మారింది.

మూడోది, మా సహోద్యోగి ఒకతను భర్తతో విడిగా మాట్లాడటం. తాగుడుకి డాక్టరు దగ్గరికి పంపాం. కొట్టడం గురించి మాత్రం డాక్టరుకి వదిలిపెట్టలేదు. ఏ రోజు, ఏ మాటకి చెయ్యి లేచింది, లేపే ముందు ఏమనుకున్నావు అని ఒక్కో సంఘటనా అతనితోనే చెప్పించాడు.

నాలుగోది అత్తగారు. ఇక్కడ బోవెన్ వంశవృక్షం పనికొచ్చింది. ఆమెతో మూడు తరాల బొమ్మ గీయిస్తుంటే, తన అత్త దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. 'నేను పడలేదా? ఇది పడితె ఏమైతది?' అంది. ఆ మాట కోపంతో అన్నది కాదు. నలభై ఏళ్ళ కింద తన తరఫున ఎవరూ రాలేదన్న బాధ అది. ఆవిడ ఒక్కసారిగా మారిపోలేదు. కానీ కొడుకు చెయ్యెత్తితే అడ్డం వెళతానని, కోడల్ని గదిలో పెట్టి తలుపేస్తానని మాటిచ్చింది, రెండుసార్లు నిలబెట్టుకుంది. ఆ తర్వాత ఆ అవసరం రాలేదు.

అయిదు నెలలు గడిచాక, ఆమె తనంతట తాను అడిగాకే, ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టాం. అప్పుడు కూడా మూడే విషయాలు: జీతం డబ్బు ఎవరి చేతికి రావాలి, పిల్లల ఫీజు, తాగి వచ్చిన రోజు అతను ఎక్కడ పడుకోవాలి. ఒప్పందం రాయించాం. నీళ్ళ గ్లాసు ఆమె పక్కకి జరిపితే మాట అక్కడితో ఆపేయాలని ముందే గుర్తు పెట్టుకున్నాం. ప్రతిసారీ తర్వాత ఆమెతో విడిగా ఒక పావుగంట, రెండు రోజులకి ఒక ఫోను. రెండేళ్ళు చూశాం. దెబ్బలు ఆగాయి. సంతోషంగా ఉన్నావా అని అడిగితే నవ్వింది. 'ప్రేమ సంగతి తెల్వదక్కా. నిద్రయితే పడుతుంది.'

అందరికీ ఇంత పొడుగు దారి అవసరం లేదు. ఈ మధ్య మన దగ్గరికి వచ్చే జంటల్లో భయం లేని తగాదాలూ చాలా ఉన్నాయి. ఇద్దరికీ ఉద్యోగాలు, షిఫ్టులు, ఎవరి తల్లిదండ్రుల్ని ఎవరు చూడాలి, పిల్లలు పుట్టకపోవడం. వాళ్ళని మొదటి రోజునుంచే కలిపి కూర్చోబెట్టండి, చక్రం గీయండి, కోపం కింద ఏముందో చూడండి. అక్కడ రెండు బాణాలూ నిజంగానే ఒకే పొడవుండొచ్చు. తేడా తెలుసుకోవడానికి నేను వాడే కొలత ఒక్కటే: ఇద్దరిలో ఎవరికి ఎవరంటే భయం? ఇది ఇద్దర్నీ విడివిడిగా అడగాలి. కలిపి అడిగితే నిజం రాదు.

ఫారంలో లేని గడి

చివరిగా మన గురించి ఒక మాట. నేను పనిచేసిన చోట మూడు నెలలకోసారి పంపే ఫారంలో 'రాజీ అయిన కేసులు' అని ఒక గడి ఉండేది. ఆ అంకె పెరిగితే గ్రాంటు నిలిచేది. చేతికి కట్టుతో వచ్చిన ఆమె కేసు కూడా అంతకు ముందు త్రైమాసికంలో ఆ గడిలోనే ఉంది. ఆమె తర్వాత విడిపోయి టైలరింగ్ పనిలో చేరింది. ఆ ఫారం లెక్కలో అది మా ఓటమి. నా లెక్కలో ఆమె ప్రాణంతో ఉంది.

అందుకని మూడు పనులు చేద్దామని అడుగుతున్నాను. ఒకటి, ప్రతి కేంద్రంలో మొదటి మాట ఆమెతో ఒంటరిగానే జరగాలని రాసుకుందాం, ఎవరు ఎంత తొందరపెట్టినా. రెండు, 14వ నియమాన్ని తెలుగులో, ఉర్దూలో రాసి గోడకి అంటిద్దాం, ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ చదివేటట్టు. మూడు, నివేదికల్లో 'రాజీ' గడి పక్కన ఇంకో గడి పెట్టిద్దాం: ఆర్నెల్ల తర్వాత ఆమె భద్రంగా ఉందా? కాపురంలో ఉన్నా, బయటికి వచ్చినా.

భోజనం తర్వాత చర్చ ఉంది. గెలిచిన కేసులు మనం అన్ని సభల్లోనూ చెప్పుకుంటాం. ఇవాళ ఒక్కొక్కరూ ఒక్కో తప్పు చెప్పండి. నాది చెప్పేశాను.